సుమోటోగా
'సుమోటో' ఇంగ్లిష్ న్యాయభాష లాటిన్ నుంచి తీసుకున్న క్రియావిశేషణం. అసలు రూపం 'సువో మోటు'. 'సువో' అంటే తన, 'మోటు' అంటే కదలికతో. రెండూ కలిస్తే, ఎవరూ అడగకుండానే తనంతట తానుగా అని. 'సువో'కు సంస్కృతంలోని 'స్వ' చుట్టం, కాబట్టి 'స్వయంగా' కూడా బంధువే. మోషన్, మోటారు 'మోటు'కు దాయాదులు; బావిలో నీళ్లు తోడే మోటతో మాత్రం దానికి సంబంధం లేదు. అమెరికా కోర్టులు ఇదే అర్థంలో 'సువా స్పాంటే' అంటాయి; 'సువో మోటు' ఎక్కువగా భారత ఉపఖండపు వాడుక. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ ఈ భావాన్ని లాటిన్ లేకుండా తేట ఇంగ్లిష్‌లోనే చెప్పింది. గుడివాడ కోర్టులోని దావాను మచిలీపట్నంలోని జిల్లా కోర్టు, విచారణాధికారం ఉన్న అవనిగడ్డ కోర్టుకు బదిలీ చేయవచ్చు: కక్షిదారు అర్జీ పెడితే పక్షాలకు నోటీసిచ్చి, తనంతట తానైతే ఆ నోటీసు లేకుండా. లాటిన్‌లో విభక్తి మాటలోనే ఇమిడి ఉంది; తెలుగు దాన్ని నామంగా స్వీకరించి 'గా' చేర్చింది, 'సుమోటో కేసు' అని విశేషణంగానూ వాడింది. ఈ రెండూ తెలుగు పద్ధతికి ఒదిగినవే. 'వెంటనే' అనే అర్థంలో వాడడమే తప్పు. దివిసీమ రైతులు కాలువ గండి గురించి అర్జీ పెట్టాక అధికారి ఆ పూటే కదిలినా అది సుమోటో కాదు; అర్జీ రాకముందే కదిలితేనే సుమోటో.