పాట ఎవరిది? నల్లగొండ, మహబూబ్‌నగర్ శ్రోతల జ్ఞాపకం చరిత్రకు ఆధారంగా

ఈ పాఠం చదవడానికి ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లోనో వాడకట్టులోనో అరవై దాటినవారు ఎవరైనా ఉంటే ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట ఎవరిదని అడగండి. వారు చెప్పిన జవాబును నోటుబుక్కులో అలాగే రాసి పెట్టుకోండి. ‘మాభూమి సినిమాది’ అనవచ్చు. ‘గద్దర్‌ది’ అనవచ్చు. ‘సంఘం పాట బిడ్డా’ అనవచ్చు. ‘సుద్దాల హనుమంతు కట్టిండు’ అని చెప్పేవారు దొరికితే మీరు అదృష్టవంతులు. నేను పాఠాలు చెప్పిన కాలంలో ఈ ప్రశ్న చాలా తరగతుల్లో వేశాను. మొదటి రెండు జవాబులే ఎక్కువగా వచ్చేవి.

ఆ పాట రాసింది హనుమంతే. అందులో సందేహం లేదు. అయినా మిగతా జవాబులను కొట్టివేయకండి. ఆ పాట ఆ ఇంట్లోకి ఏ దారిన వచ్చిందో ప్రతి జవాబూ చెబుతోంది. సంఘం పాట అన్నవారి ఇంటికి 1940లలో మనుషుల నోటి వెంట వచ్చింది. సినిమాది అన్నవారి ఇంటికి 1980 తర్వాత టాకీసు నుంచి వచ్చింది. ఒక పాటను మూడు నాలుగు తరాలు ప్రేమించాయంటే ఆ ప్రేమకూ ఒక చరిత్ర ఉంటుంది. ఆ ప్రేమ కొన్నిటిని దాచిపెడుతుంది, కొన్నిటిని జారవిడుస్తుంది. ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నదే ఈ పాఠంలో మన విషయం.

సుద్దాల నుంచి బయలుదేరిన పాట

హనుమంతు నల్లగొండ జిల్లా పాలడుగు గ్రామంలో చేనేత కుటుంబంలో పుట్టాడు. సుద్దాలలో స్థిరపడ్డాడు. ఈ రెండు ఊళ్లూ ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి. ఊరి పేరే ఆయనకు ఇంటి పేరైపోయింది. అలా పిలిచింది ఆయన పాట విన్న జనమే. 1982 అక్టోబర్ 10న ఆయన కన్నుమూశాడు.

ఆయన పాట ఎందుకు అంత త్వరగా పాకిందో తెలియాలంటే ఆనాటి నల్లగొండ ఊళ్లను ఒకసారి చూడాలి. 1930లో జోగిపేటలో తొలి సభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ చాలాకాలం చదువుకున్నవారి సంస్థగానే ఉంది. గ్రంథాలయాలు, పాఠశాలలు, భాష, సంఘసంస్కరణ అప్పటి ప్రధాన విషయాలు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన సభతో అది రైతుకూలీల సంస్థగా మారింది. అప్పటి నుంచి ఊళ్లలో దాన్ని ‘సంఘం’ అన్నారు. దొరల గడీల్లో వెట్టి, భూమి నుంచి బేదఖలు, ధాన్యం అప్పుకు ధాన్యమే వడ్డీగా కట్టే నాగు, ఇవన్నీ సంఘం మాట్లాడిన విషయాలు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులకు బలయ్యాక అది సాయుధ పోరాటమైంది. 1951 అక్టోబర్‌లో విరమించేదాకా సాగింది.

ఇక్కడ ఒక అంకె గుర్తుంచుకోండి. 1951 నాటికి కూడా హైదరాబాద్ రాష్ట్రంలో నూటికి పదిమంది కూడా చదవడం రాయడం వచ్చినవారు లేరు. కరపత్రం వేసినా దాన్ని చదివి వినిపించే మనిషి కావాలి. పాటకు ఆ మనిషి అక్కర్లేదు. హనుమంతు చేసిన తెలివైన పని ఏమిటంటే, కొత్త రూపాల కోసం వెతకలేదు. గొల్లసుద్దులు, బుడబుక్కల వేషం, పిట్టలదొర, ఫకీరు వేషం, యక్షగానం వంటి జనానికి తెలిసిన రూపాలనే తీసుకున్నాడు. గొల్లసుద్దుల దరువు మన రైతుకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వంతపాటగాడు ఎక్కడ అడ్డుప్రశ్న వేస్తాడో, ఎక్కడ నవ్విస్తాడో తెలుసు. రాగమూ నడకా ముందే వచ్చు కాబట్టి కొత్తగా నేర్చుకోవలసింది మాట ఒక్కటే. ఒకసారి విని రెండోసారికి తానే పాడగలడు. ఆ రోజుల్లో ప్రచారానికి ఇంతకన్నా మంచి సాధనం లేదని నా అభిప్రాయం.

‘పల్లెటూరి పిల్లగాడా’ మరో రకం పాట. అందులో వేషం లేదు, హాస్యం లేదు. ఆడుకునే వయసులో జీతానికి కుదిరిన పశులకాపరి పిల్లవాణ్ణి కవి దగ్గరికి పిలిచి పలకరిస్తాడు. నినాదం ఇవ్వడు. ప్రశ్నలు అడుగుతాడు. ఆ పిల్లవాడు కవి ఊహలోంచి వచ్చినవాడు కాదు. తండ్రి తీసుకున్న అప్పు కింద కొడుకు పనిచేయడం, ఆ అప్పు తీరకపోవడం అప్పటి మామూలు వ్యవహారం. దీన్ని ‘భగేలా’ అనేవారు. నిజాం ప్రభుత్వమే 1936లో భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి చట్టం తెచ్చిందంటే ఆ వాడుక ఎంత విస్తారంగా ఉండేదో ఊహించండి. చట్టం కాగితం మీద ఉండిపోయింది. పిల్లవాడు పశుల వెంటే ఉన్నాడు. చట్టం పాఠం మీకు గెజిట్‌లో దొరుకుతుంది. ఆ చట్టం ఎవరి కోసమో ఆ మనిషి ముఖం మాత్రం పాటలో దొరుకుతుంది. చరిత్రకారుడికి రెండూ కావాలి.

మరి రచయిత పేరు ఎందుకు జారిపోయింది? మొదటి కారణం నిర్బంధం. ఆ కాలంలో పాట కట్టినవాడి పేరు బయటికి చెప్పడమంటే పోలీసులకు చిరునామా ఇవ్వడమే. రెండో కారణం సంఘం పద్ధతి. పాట సంఘానిది. పాడేవాడు దళంలో ఒకడు. మూడోది జానపదుల అలవాటు. నాట్లు వేసేటప్పుడు పాడే పాట ఎవరు కట్టారని ఏ ఆడకూతురూ అడగదు. హనుమంతు భార్య జానకమ్మ కూడా ఉద్యమంలో నడిచిన మనిషే. ఆమెవంటి స్త్రీల పేర్లు ఇంకా ఆలస్యంగా పుస్తకాలకు ఎక్కాయి. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు ఊరూరా తిరిగి పోరాటకాలపు పాటలను సేకరించకపోతే మనకు దక్కింది ఇంకా తక్కువగా ఉండేది.

తెర మీదికి ఎక్కిన తర్వాత

1980లో ‘మాభూమి’ సినిమా విడుదలైంది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు. పరీక్షల్లో చాలామంది పొరపడే చోటు ఇది కాబట్టి చెబుతున్నాను. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మాభూమి’ నాటకం 1947 నాటిది. సినిమాకు ఆధారం ఆ నాటకం కాదు, కిషన్ చందర్ ఉర్దూ నవల. పేరు ఒకటే, రచనలు వేరు.

ఆ సినిమాలో హనుమంతు పాట ఉంది. యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ కూడా ఉంది. రెండోదాన్ని తెర మీద గద్దర్ పాడాడు. ఆ గొంతు, ఆ గొంగడి, ఆ కదలిక ప్రేక్షకుల కళ్లలో నిలిచిపోయాయి. యాదగిరి పేరు మరింత వెనక్కి పోయింది. దీన్ని దొంగతనం అనడం తప్పు. ఆ పాటను మరో తరానికి మోసుకొచ్చింది ఆ గొంతే. కాకపోతే జనం మనసు ఒక పాటకు ఒక ముఖాన్నే పెట్టుకుంటుంది. ముఖం దొరకగానే పేరు వెతకడం మానేస్తుంది.

1980 నాటి ప్రేక్షకుడు ఆ పాటల్లో ఏం విన్నాడు? నిజాం ప్రభుత్వం పోయి అప్పటికి ముప్ఫై ఏళ్లు దాటింది. జాగీర్లు రద్దయ్యాయి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టమూ వచ్చింది. అయినా సినిమా చూసి ఇంటికి వెళ్లే దారిలో పశులకాపరి పిల్లవాడు ఇంకా కనిపిస్తూనే ఉన్నాడు. అందుకే పాట పాతబడలేదు. పాట బాగుంది కాబట్టే నిలిచిందని అనుకోవద్దు. అది చెప్పిన కష్టం నిలిచి ఉంది కాబట్టి కూడా నిలిచింది.

హనుమంతు కుమారుడు సుద్దాల అశోక్ తేజ సినిమా పాటల రచయితగా ‘ఠాగూర్’ చిత్రానికి జాతీయ పురస్కారం పొందాడు. కొడుకు పేరు ద్వారా తండ్రి పేరు తెలుసుకున్న శ్రోతలు మన కాలంలో చాలామంది. జ్ఞాపకం ఎప్పుడూ పెద్దల నుంచి పిన్నలకే రావాలని లేదు.

పాలమూరు వైపు

ఇప్పుడు దక్షిణానికి, మహబూబ్‌నగర్ జిల్లాకు వద్దాం. అక్కడ జనం ధనవంతులను దోచి పేదలకు పంచిన పండుగ సాయన్న కథను పాటగా పాడుకున్నారు. ఆ కథాగేయం నాయకుడి పేరును భద్రంగా దాచింది, కట్టిన కవి పేరును దాచలేదు. అదే జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి తెలంగాణలో కవులే లేరన్న నిందకు జవాబుగా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి 354 మంది కవులను లెక్క చూపాడు. గొప్ప పని. కానీ ఆ లెక్క ప్రధానంగా పద్యకవులది. పాట కట్టేవాడు ఇంకా కవి లెక్కలోకి రాలేదు. సురవరం మీద ఇది ఫిర్యాదు కాదు, ఆ కాలపు కొలత అది. తర్వాత ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సామెతలనూ ఆటలనూ చరిత్రకు ఆధారాలుగా వాడి మనకు దారి చూపింది ఆయనే.

ఆ కొలత మారిందనడానికి నిదర్శనం గోరటి వెంకన్న. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి మండలం గౌరారం ఆయన ఊరు. 2021 సంవత్సరానికి ‘వల్లంకి తాళం’ సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాటల పుస్తకానికి ఆ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు. ఇక్కడ కట్టేవాడూ పాడేవాడూ ఒకడే. సభలో ఆయన ఆడుతూ పాడతాడు. క్యాసెట్టు, టీవీ, ఆపైన సెల్‌ఫోన్ ఆ ముఖాన్నీ గొంతునూ పేరునూ కలిపే మోసుకెళ్లాయి. అందుకే ‘పాట ఎవరిది’ అన్న ప్రశ్నకు వెంకన్న విషయంలో పిల్లలు కూడా తడుముకోరు.

ఆయన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట 2002లో ‘కుబుసం’ సినిమా ద్వారా ఊరూరికీ చేరింది. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె పనులు ఒక్కొక్కటిగా ఆగిపోవడం అందులో వరుసగా కనిపిస్తుంది. ఎండిపోయిన వాగు మీద ఆయన కట్టిన పాట దుందుభి పరీవాహక పల్లెల్లో పెరిగినవారికి సొంత ఇంటి కబురులా వినిపిస్తుంది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. హనుమంతు పాటలో పల్లె అంటే పిల్లవాడి ఒంటి మీద దెబ్బలు పడే చోటు. వెంకన్న పాటలో పల్లె అంటే పోగొట్టుకున్నందుకు కంటనీరు పెట్టుకునే చోటు. మీ తాత బొంబాయికో సూరత్‌కో భీవండికో పారిపోయింది మొదటి పల్లె నుంచి. మీ నాయన సెలవుల్లో బస్సు దిగి వెతుక్కునేది రెండో పల్లె కోసం. ఒకే ఇంట్లో, ఒకే ఫోన్‌లో ఈ రెండు పాటలూ ఉంటాయి. రెండింటినీ అంతే ప్రేమతో వింటారు. రెండూ నిజమేనా?

నిజమేనని నేనంటాను, కానీ ఒక షరతు మీద. దొరల అధికారం సడలిన తర్వాతే పల్లెను తలచుకుని బాధపడే అవకాశం చాలామందికి దొరికింది. ఆ బాధ కూడా ఉత్తది కాదు. మగ్గం ఆగిపోయిన సాలెవాడికి దొర గడీ కూలితే వచ్చిన లాభం సగమే. హనుమంతు చేనేత ఇంట పుట్టినవాడే కదా. వెంకన్న పాటలో ఆగిన మగ్గాన్ని ఆయన చూసి ఉంటే ఏం కట్టేవాడో అని అప్పుడప్పుడు నాకు అనిపిస్తుంది. ఇది చరిత్రకారుడు అడగకూడని ప్రశ్న. అడగకుండా ఉండడమూ కష్టం.

అందువల్ల పాటను ఆధారంగా తీసుకునేటప్పుడు పక్కన ఇంకో ఆధారం పెట్టుకోండి. వాగు ఎందుకు ఎండిందని పాట బాధపడితే మీరు ఆ మండలంలో బోర్లు ఎప్పటి నుంచి పెరిగాయో, ఇసుక ఎటు పోయిందో, చెరువుల గొలుసు ఎక్కడ తెగిందో చూడాలి. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు తవ్వారు. వారి సొంత వాగు మాత్రం ఎండింది. ఈ వైరుధ్యం పాటలో భావంగా ఉంటుంది. దాన్ని సంవత్సరాలతో, అంకెలతో నిలబెట్టడం మీ పని.

క్షేత్ర అధ్యయనం

1946లో పదిహేనేళ్లున్నవారికి ఇవాళ తొంభై దాటాయి. సంఘం పాటను సంఘంలోనే విన్న మనుషులు ఇక చాలా కొద్దిమంది. ఈ సెమిస్టర్‌లో ఈ పని చేయకపోతే వచ్చే సెమిస్టర్‌కు కొందరు ఉండరు.

ఒకే ఇంట్లో మూడు తరాల వారిని ఎంచుకోండి. ముగ్గురికీ ఒకే పాట పేరు చెప్పి వారికి వచ్చినంత పాడమనండి. చరణాల్లో తేడాలు వస్తే సరిదిద్దకండి, వినిపించినట్టే రాయండి. ఒక తరం వదిలేసిన మాట ఏది, కొత్తగా చేర్చిన మాట ఏది అన్నది పక్కన గుర్తు పెట్టండి. మొదటిసారి ఎక్కడ విన్నారో అడగండి: బాయి కాడా, సభలోనా, టాకీసులోనా, ఫోన్‌లోనా. ఆడవాళ్లను విడిగా, వారు పనిలో ఉన్నప్పుడు అడిగితే మంచిది. మగవాళ్లు పక్కన ఉంటే చాలా పాటలు బయటికి రావు. ఫోన్‌లో రికార్డు చేసే ముందు వారి అనుమతి తీసుకోండి. తేదీ, ఊరు, వయసు తప్పక రాయండి.

చివరి గడిలో ‘పాట కట్టినవారు’ అని ఉంటుంది. పేరు చెప్పలేకపోతే ఆ గడిని ఖాళీగా వదలకండి. ‘ఎవరి నోట విన్నారు’ అని అడిగి ఆ మనిషి పేరు, ఊరు రాయండి. ఆ మనిషి బతికి ఉంటే మీ తర్వాతి ప్రయాణం అక్కడికే.