రోజానా స్పియర్‌మన్

విల్కీ కాలిన్స్ రాసిన ‘ది మూన్‌స్టోన్’ (1868) నవలలో అనుమానితురాలైన పనిమనిషి. 1799లో శ్రీరంగపట్నంలో కొల్లగొట్టిన వజ్రం యార్క్‌షైర్‌లోని లేడీ వెరిండర్ ఇంట్లో మాయమవుతుంది. రోజానా ఒకప్పటి దొంగ, జైలుకు వెళ్లొచ్చిన మనిషి. దర్యాప్తుకు వచ్చిన సార్జెంట్ కఫ్ కన్ను ఆమెపై పడటానికి ఇంకేం కావాలి? ఆమె చాటుగా బట్ట కొని నైట్‌గౌను కుట్టిందని కూడా పసిగడతాడు. అంతవరకు అతని లెక్క సరే, కారణమే తప్పు. ఆమె యజమానురాలి కూతురు రేచల్ కోసం కాదు, ఆ ఇంటి అతిథి, తనవైపు కన్నెత్తి చూడని ఫ్రాంక్లిన్ బ్లేక్ కోసం ఆ పని చేసింది. వజ్రం పోయిన గది తలుపు తడి రంగు అంటిన అతని నైట్‌గౌనును దాచి, బదులుగా కొత్తది పెట్టింది. ఆపై ఊబి ఇసుకలో ప్రాణం తీసుకుంది. నవలలో అన్ని గొంతులకన్నా బలమైనది, బహుశా, ఆమె ఉత్తరమే. ఏడాది తర్వాత బ్లేక్ ఇసుకలోంచి తీసిన రేకు పెట్టెలో అది నైట్‌గౌనుతో పాటే దొరుకుతుంది. ఆ గౌనుపై ఉన్నది అతని పేరే.