మెమరీ లోపాల చరిత్రలో తెలుగు సంయుక్తాక్షరం: 2018 నాటి ‘జ్ఞా’ ఉదంతం

ఉపోద్ఘాతం

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే తెలుగు సంయుక్తాక్షరం అంతర్జాతీయ వార్తలకెక్కింది. ఆ అక్షరమున్న సందేశం ఐఫోనుకు చేరితే దానిని చూపబోయిన యాప్ ఆగిపోయేది. అది నోటిఫికేషన్‌గా వస్తే హోంస్క్రీన్‌ను నడిపే ప్రోగ్రామే కుప్పకూలేది. వార్తాసంస్థలు దీనిని ‘తెలుగు బగ్’ అని వ్యవహరించాయి. దోషం అక్షరానిదా, దానిని చదివిన ఆపరేటింగ్ సిస్టమ్‌దా అన్న ప్రశ్నను మెమరీ లోపాల చరిత్ర నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మెమరీ లోపం - స్వరూపం

కామారెడ్డి జిల్లా బీబీపేట ప్రాంతపు రైతుకు మత్తడి అంటే ఏమిటో వివరించనక్కరలేదు. చెరువు నిండిన తరువాత వచ్చే నీరు మత్తడి మీదుగా దిగువకు పోతుంది. ఆ దారి లేకపోతే కట్ట తెగి కింది పొలాలు మునుగుతాయి. కంప్యూటర్ మెమరీలో సమాచారం కోసం కేటాయించిన పరిమితమైన చోటును బఫర్ అంటారు. వచ్చే సమాచారం పొడవును సరిచూడని ప్రోగ్రామ్ మత్తడి లేని చెరువు వంటిది. మిగులు సమాచారం పక్కనున్న మెమరీపై పడి అక్కడి విలువలను చెరిపివేస్తుంది. దీనినే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. మెమరీ చెడిపోయే లోపాలలో ఇది అత్యంత ప్రసిద్ధమైనది.

పూర్వచరిత్ర

1988 నవంబరు 2న వ్యాపించిన మోరిస్ వర్మ్, 512 బైట్ల బఫర్‌లోకి 536 బైట్లు పంపి యూనిక్స్ యంత్రాలలో ప్రవేశించింది. తరువాతి కాలంలో ఈ సమస్య పరికరాలను నడిపే డ్రైవర్లలోనూ తీవ్రంగా కనిపించింది. లినక్స్ కెర్నల్‌పై స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, డ్రైవర్లలో తప్పుల రేటు కెర్నల్‌లోని మిగతా భాగాలకంటే ఏడు రెట్ల వరకు ఎక్కువ. 2006 నవంబరులో బ్రాడ్‌కామ్ వైర్‌లెస్ డ్రైవర్‌లో వెల్లడైన లోపం ఇందుకు చక్కని నిదర్శనం. వైఫై నెట్‌వర్క్ పేరు 32 బైట్లకు మించరాదన్నది ప్రమాణం. అంతకంటే పొడవైన పేరు గాలిలో వస్తే ఆ డ్రైవర్ సరిచూడకుండానే స్వీకరించేది. డ్రైవర్ కెర్నల్ అధికారంతో పనిచేస్తుంది కనుక, సమీపంలోని దాడికర్తకు యంత్రం మొత్తం స్వాధీనమయ్యే అవకాశం ఏర్పడింది.

‘జ్ఞా’ ఉదంతం

2018 నాటి లోపం డ్రైవర్‌లోనిది కాదు. అక్షరాలను తెరపై కూర్చే ‘కోర్‌టెక్స్ట్’ అనే భాగంలోనిది. సాధారణంగా టైపు చేసే ‘జ్ఞా’లో జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం అనే నాలుగు సంకేతాలుంటాయి. లోపాన్ని రేపిన వరుసలో దీర్ఘానికి ముందు కంటికి కనిపించని అయిదవ సంకేతం, ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’, చేరింది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి పదాలలో ఒత్తు ఏర్పడకుండా పొల్లు తరువాత వాడే సంకేతమిది. గుణింతపు గుర్తుకు ముందు దీనికి ప్రయోజనం లేదు. కనుక ‘జ్ఞానం’, ‘జ్ఞాపకం’ అని మామూలుగా రాసేవారి వల్ల ఈ ప్రమాదం లేదు. ఇలాంటి వరుసలు బెంగాలీ, దేవనాగరి లిపులలోనూ ఇదే ఫలితమిస్తున్నాయని మనీశ్ గోరేగావ్‌కర్ ఆ నెలలోనే విశ్లేషించి చూపారు. అంటే ‘తెలుగు బగ్’ అన్న పేరు రెండు విధాలా సరికాదు.

ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో లోపాన్ని సవరించింది. దీనిని మెమరీ చెడిపోయే లోపంగా పేర్కొని, వచ్చే సమాచారాన్ని మరింత జాగ్రత్తగా సరిచూడడమే పరిష్కారమని ప్రకటించింది. 2006 నాటి డ్రైవర్‌లో కొరవడినదీ ఆ సరిచూపే. 2015 మే నెలలో అరబిక్ అక్షరాలున్న ఒక సందేశం కూడా ఐఫోన్లను ఇలాగే నిలిపివేసింది.

ముగింపు

తెలుగు లిపి 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే చోటు పొందింది. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు పైగా ఉన్నారు. అయినా 2018లో ఒక అసాధారణ అక్షర వరుస వ్యవస్థ పరీక్షలన్నిటినీ దాటి వినియోగదారుల చేతికి చేరింది. ప్రమాణంలో స్థానం లభించడం వేరు, ప్రతి వ్యవస్థలోనూ ఆ లిపి క్షుణ్ణంగా పరీక్షకు గురికావడం వేరు. లిపి నియమాలకు లోబడే వరుసలతో పాటు లోబడని వరుసలను కూడా క్రోడీకరించి పరీక్షకులకు అందించడం భాషాశాస్త్రజ్ఞులు చేయగల పని. ఆ పని జరగనంత కాలం, యంత్రం చేసిన తప్పుకు అక్షరం పేరు పడుతూనే ఉంటుంది.