మన పట్టణంలో భౌతికశాస్త్ర విద్య

విశాఖపట్నంలో భౌతికశాస్త్రం చదివినవారు సర్ సి.వి. రామన్ పేరు తలచుకోకుండా ఉండరు. ఆయన తండ్రి చంద్రశేఖర అయ్యరు గారు 1892లో ఇక్కడి మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలకు అధ్యాపకులుగా వచ్చారు. రామన్ మిషనరీల సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి, పదకొండో ఏట మెట్రిక్యులేషను, తండ్రిగారి కళాశాలలోనే ఎఫ్.ఏ. ముగించారు. పట్టం కోసం మద్రాసు వెళ్ళి, 1904లో ప్రెసిడెన్సీ కళాశాల నుండి బి.ఏ. అయ్యారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక మనవారికి ఆ దూరాభారం తప్పింది. 1926లో బెజవాడలో ఆరంభమైన ఈ సంస్థ 1930లో వాల్తేరుకు తరలివచ్చింది. కలకత్తాలో రామన్ గారి వద్ద పరిశోధన చేసిన సూరి భగవంతం గారు 1932లో ఇక్కడ చేరారు. ఆయన, వెంకటరాయుడు గారు కలిసి గ్రూపు సిద్ధాంతంపై రాసిన గ్రంథాన్ని 1948లో విశ్వవిద్యాలయమే ప్రచురించింది. రంగధామరావు గారు వర్ణపటశాస్త్రంలో శిష్యులను తయారుచేశారు. స్వామి జ్ఞానానంద గారు కేంద్రక భౌతికశాస్త్రానికి ఇక్కడ పునాది వేశారు.

అంతటి పెద్దలు నడిచిన ఊరిలోనే మేమూ బి.ఎస్సీ. చదివాము. పాఠాలకంటె ప్రాక్టికల్సే మాకు ఎక్కువ నేర్పాయి. ఒకసారి కేటర్ లోలకంతో గురుత్వ త్వరణం కొలిచాము. జాగ్రత్తగా చేస్తే 978 చిల్లర వచ్చింది. పుస్తకంలో 980 అని ఉంది. మార్కులు పోతాయన్న భయంతో ఆ రాత్రి అంకెలు సవరించి, రికార్డులో 980 చూపించాము. సంతకమూ పడింది.

చాలాకాలానికి గాని మా తప్పు మాకు తెలియలేదు. ఈ విలువ అన్నిచోట్లా ఒకటి కాదు. సముద్రమట్టం వద్ద సెకనుకు సెకనుకు ధ్రువాల దగ్గర సుమారు 983 సెంటీమీటర్లు, భూమధ్యరేఖ దగ్గర 978. పదిహేడున్నర డిగ్రీలు దాటిన అక్షాంశంపై ఉన్న మన విశాఖలో అది సుమారు 978.5. అంటే మేము కొట్టివేసినదే నిజం, రాసినది అబద్ధం!

నేడు మన పిల్లలలో చాలామంది ఇంజనీరింగు వైపే చూస్తున్నారు. అది మంచిదే. అయినా బి.ఎస్సీ. భౌతికశాస్త్రం చదవదలచిన బిడ్డను నిరుత్సాహపరచవద్దని తల్లిదండ్రులకు మా మనవి. ఆ బిడ్డకు మేము చెప్పేది ఒక్కటే: కంటికి కనిపించిన అంకెనే రికార్డులో రాయి. పుస్తకంతో తేడా వస్తే, ఎందుకు వచ్చిందో వెదుకు. మేము ఆనాడు చేయనిది అదే.