కుండలీకరణములు – యంత్రపు జ్ఞాపకము

బీజగణితములో కుండలీకరణములను లోపలినుండి విప్పుకొనుచు రావలెనని ఉన్నత పాఠశాల విద్యార్థులందరు ఎరుగుదురు. 1556లో వెలువడిన ఇటలీ గణితజ్ఞుడు తార్తాలియా గ్రంథములోనే వంపు కుండలీకరణములు కనబడును. మన కంటికి సులభమైన ఈ పనిని కంప్యూటరుకు అప్పగించినపుడు ఒక చిక్కు ఎదురైనది. అది విడిన తీరు 20వ శతాబ్దపు విజ్ఞాన చరిత్రలో చక్కని అధ్యాయము.

గ్రంథాలయ పట్టికలో ఈ పంక్తి ఉన్నదనుకొందము:

కార్వేటినగరము (చిత్తూరు జిల్లా (1911కు పూర్వము ఉత్తర ఆర్కాడు)) పదకర్త సారంగపాణి (తెలుగు కవి)

కుండలీకరణములను, వాటిలోని మాటలను తొలగించిన పిమ్మట 'కార్వేటినగరము పదకర్త సారంగపాణి' అని మిగులవలెను. 'తెరచు గుర్తు మొదలు, దాని తరువాత వచ్చు మొదటి మూయు గుర్తు వరకు తీసివేయుము' అని యంత్రమునకు చెప్పితిమా, ఊరి పేరు ప్రక్క ఒక మూయు గుర్తు ఒంటరిగా మిగులును. పోనీ, 'చివరి మూయు గుర్తు వరకు తీసివేయుము' అంటిమా, సారంగపాణి పేరే మాయమగును! ఒక పంక్తిలో ఈ తప్పు కంటికి కనబడును. వేల పంక్తుల పట్టికలో ఎన్ని పేర్లు పోయినవో ఎవరికి తెలియును?

ఈ లోపమునకు కారణమేమి? అమెరికా తర్కశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ క్లీనీ 1951లో రాసి, 1956లో ప్రకటించిన వ్యాసములో 'రెగ్యులర్' అను తరగతికి చెందిన అక్షర సముదాయములను నిర్వచించెను. పరిమితమైన స్థితులు మాత్రమే గల యంత్రము గుర్తించగలిగినవి అవియే. పది స్థితులు గల యంత్రమును ఊహింపుడు. కుండలీకరణములు పదునైదు పొరల లోతున ఉన్నచో, రెండు వేరు వేరు లోతులు దానికి తప్పక ఒకే స్థితిగా తోచును. ఇక ఎన్ని మూయవలెనో దానికి తెలియదు. స్థితులను నూరు చేసినను, నూటికి మించిన లోతు వచ్చినపుడు అదే గతి. 1968లో కెన్ థాంప్సన్ క్లీనీ పద్ధతిని కంప్యూటరులో మాటలు వెదకుటకు అనువుగా మలచెను. సాధనముతోబాటు దాని హద్దు కూడ వాడుకలోనికి వచ్చినది.

పరిష్కారము మిక్కిలి సులభము. సున్నతో మొదలిడి, తెరచు గుర్తు వచ్చినపుడు ఒకటి కలుపుము. మూయు గుర్తు వచ్చినపుడు ఒకటి తీసివేయుము. లెక్క సున్నగా ఉన్నపుడు వచ్చిన అక్షరములను మాత్రమే వ్రాసికొనుము. పై పంక్తిలో లెక్క 1, 2, 1, 0 అని నడచి, పదకర్త పేరు వచ్చునప్పటికి సున్నయై, ఆ పేరును నిలుపును.

వంపు గుర్తులతోబాటు చదరపు గుర్తులు కూడ కలిసినచో సంఖ్య చాలదు. ఏది చివర తెరచితిమో అది ముందు మూయవలెను గనుక, వరుసను గుర్తుంచుకొనవలెను. పళ్లెముల దొంతరలో చివర పెట్టినదే ముందు తీయుదుము గదా! జర్మనీలో బవర్, సామెల్‌సన్ అనువారు ఈ ఏర్పాటుకు 1957లో పేటెంటు కోరిరి. వారు దీనికి పెట్టిన పేరు 'కెల్లర్', అనగా నేలమాళిగ. నేడు దీనిని 'స్టాక్' అందురు.

1958లో జాన్ మెకార్తీ రూపొందించిన లిస్ప్ భాషలో కార్యక్రమమంతయు ఒకదానిలో ఒకటి ఇమిడిన కుండలీకరణములే. ఆ మెకార్తీ వద్ద స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి 1966లో డాక్టరేటు పొందిన రాజ్ రెడ్డి, 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించినవాడు. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ఆయన ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ బహుమతి అందుకొనెను.

కొన్ని భాషలు తరువాత వెదకు పద్ధతికే ఈ శక్తిని జోడించినవి. 2007లో వచ్చిన పెర్ల్ 5.10 వాటిలో ఒకటి. అయినను ఒక జాగ్రత్త అవసరము. లెక్క సున్నకు దిగువకు పోయినను, పంక్తి ముగియునప్పటికి సున్న కాకపోయినను, మూల ప్రతిలోనే గుర్తు తప్పినదని అర్థము. అట్టి పంక్తిని యంత్రము చెరిపివేయరాదు. మనిషి పరిశీలనకు విడువవలెను. ఉపాధ్యాయులు నల్లబల్లపై పై పంక్తిని వ్రాసి, ఒక మూయు గుర్తును చెరిపి, లెక్కను విద్యార్థులచేతనే నడిపింపవచ్చును. సారంగపాణి పేరు ఏమగునో వారే కనిపెట్టుదురు.