దివిటీ వెలుగు ఆగిన చోట

తెలుగువాళ్ల దయ్యాల్లో కొరివి దయ్యం తీరే వేరు. మిగతా దయ్యాలు చింతచెట్టు మీదో, పాడుబడ్డ నూతిలోనో, వల్లకాట్లోనో నక్కి, కంటికి కనబడకుండా భయపెడతాయి. కొరివి దయ్యం మాత్రం చేత్తో నిప్పు పట్టుకుని తిరుగుతుంది. దూరాన పొలం గట్ల మీద ఒక మంట లేస్తుంది, కదులుతుంది, ఆగుతుంది, మాయమై ఇంకోచోట వెలుగుతుంది. చిత్తడి నేలల్లోంచి లేచే వాయువులు అంటుకుంటే అలా కనిపిస్తాయని చదువుకున్నవాళ్లు చెప్పే వివరణ ఒకటుంది. అది ఎలా ఉన్నా, ఈ దయ్యాన్ని ఊహించినవాళ్లు ఒక సంగతి బాగా కనిపెట్టారు. ఒట్టి చీకటి మనిషిని ఎంతోసేపు భయపెట్టలేదు. కళ్లకు అలవాటైపోతుంది, నిద్ర కూడా పట్టిస్తుంది. చీకట్లో చిన్న వెలుగు లేచి, తనను మాత్రం చూపించి, తన చుట్టూ ఉన్నదాన్ని దాచినప్పుడే గుండె జారుతుంది. తుపాకీ పట్టుకుని రాక్షసుల మధ్య తిరిగే భయానక వీడియో గేముల గురించి మాట్లాడేవాళ్లు చీకటిని తెగ మెచ్చుకుంటారు. ఆ మెప్పు దక్కవలసింది చీకటికి కాదనీ, కొలిచి కొలిచి ఇచ్చే వెలుగుకనీ నా వాదన. ఆ కొలత శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో రాత్రి ఆటలు కట్టినవాళ్లకు ఏనాడో తెలుసు.

ఈ ప్రాంతంలో భాగోతమంటే రాత్రి వ్యవహారం. తూర్పు భాగవతం పొద్దుపోయాక మొదలై తెల్లవారేదాకా సాగేది. పెట్రోమాక్స్ రాకముందు ఆటకు దీపం దివిటీయే. పాత గుడ్డ పేలికలను గట్టిగా చుట్టి, కాడకు బిగించి, ఆముదంలో తడిపి వెలిగించేవారు. దివిటీ పట్టడం తెలుగు ఊళ్లలో చాకలి వృత్తికి తగిలించిన పని. పెళ్లి ఊరేగింపుకైనా, అమ్మవారి జాతరకైనా, భాగోతానికైనా ఆ చేతులే కావలసి వచ్చేవి. వేషధారికి చెరో పక్కా దివిటీ పట్టినవాళ్లు నిలబడి, అతను కదిలితే తామూ కదిలేవారు. అంటే రంగస్థలానికి హద్దు గీసింది నేల మీది గీత కాదు, మంట. దీపం నుంచి దూరం రెండింతలైతే పడే వెలుగు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. కాబట్టి దివిటీని దాటి నాలుగడుగులు వేసిన వేషం సగం మనిషైపోతుంది, ఇంకో నాలుగడుగులకు లేనట్టే. రాక్షస పాత్ర రావలసివచ్చినప్పుడు ఇద్దరు అడ్డుతెర పట్టుకుంటే, తెర వెనక గజ్జెలు మోగుతాయి, తెర మీంచి కిరీటం కొన మాత్రం కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు పిడికెడు గుగ్గిలం పొడి దివిటీ మీద చల్లుతారు. మంట భగ్గుమని ఆకాశానికి లేస్తుంది, ఒక్క క్షణం హిరణ్యకశిపుడు నిలువెల్లా కనిపిస్తాడు. మంట వాలాక చీకటి మునుపటికంటే చిక్కబడుతుంది, ఎందుకంటే ఆ మెరుపుకి చూసేవాళ్ల కళ్లు బైర్లు కమ్మి ఉంటాయి. కూచిపూడి భాగవతులకూ, కోస్తా వీధి భాగవతాలకూ ఈ కిటుకు ఉమ్మడి ఆస్తి. గుగ్గిలం చెట్టు ఆంధ్రలో ప్రధానంగా పెరిగేది ఉత్తరాంధ్ర కొండల్లోనే కావడం నాకు ముచ్చటగొలిపే సంగతి.

ఒక అభ్యంతరం ఇక్కడే వినిపిస్తుంది. తూర్పు భాగవతంలో పెద్దపీట సత్యభామదీ, ఆమె జడదీ, మద్దెల మోతదీ కదా, అందులో భయమెక్కడిది? నిజమే, భామాకలాపం చూసి ఎవరూ జడుసుకోరు. నేనంటున్నది ఆ కథ గురించి కాదు, ఆ కథకూ రాక్షస కథకూ ఒకేలా పనిచేసిన దీపం పద్ధతి గురించి. దానికి గట్టి సాక్ష్యం వేషాల్లోనే ఉంది. ముఖానికి పూసే పసుపుపచ్చటి అర్దళం, తేలికైన పొణుకు చెక్కతో చేసిన కిరీటాలూ భుజకీర్తులూ, వాటి మీద అతికిన అద్దం ముక్కలూ, తళుకు కాగితాలూ చూడండి. పగటి ఎండలోనో ట్యూబులైటు కిందో అవి చవకబారు సరుకులాగే ఉంటాయి. కదిలే మంట పక్కన అద్దం ముక్క ప్రతి ఒక్కటీ ఒక చిన్న దీపమై అంటుకుని ఆరిపోతుంది, అర్దళం పూసిన ముఖం చీకట్లోంచి తనంతట తాను వెలిగినట్టుంటుంది. ఎవరూ ఎండ కోసం ఆ వస్తువులు చెయ్యలేదు. తక్కువ వెలుగునీ, నిలకడలేని వెలుగునీ ముందే లెక్కలో వేసుకుని చేశారు. తోలుబొమ్మలాటలోనూ ఇదే లెక్క. తెర వెనక ఆముదపు దీపం ఉన్నంతసేపూ, తెరకు ఆనించిన బొమ్మ స్ఫుటంగా ఉంటుంది. బొమ్మను దీపం వైపు లాగితే నీడ పెరిగి, అంచులు చెదిరి, ఏదో రూపం లేనిది మీదికి వస్తున్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు అమెరికాకు వెళదాం. 1993 డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ డూమ్ గేమును విడుదల చేసింది. అందులో ప్రతి గదికీ 0 నుంచి 255 దాకా ఒక వెలుగు అంకె ఇవ్వవచ్చు, గదిలో దీపాలు కొట్టుకునేట్టు చెయ్యవచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఆటగాడికి దూరమైనకొద్దీ గోడలు నల్లబడిపోతాయి. ఈ చివరి ఏర్పాటు అచ్చం దివిటీ ధర్మమే: వెలుగు నీ చుట్టూ ఉంటుంది, నీతో నడుస్తుంది, నువ్వు చూడవలసింది మాత్రం దాని అంచు అవతల ఉంటుంది. దాదాపు పదకొండేళ్ల తర్వాత, 2004 ఆగస్టులో వచ్చిన డూమ్ 3 ఈ ధర్మాన్ని క్రూరత్వం దాకా లాగింది. అంగారకుడి మీది స్థావరంలో చిక్కుకున్న సైనికుడి చేతిలో టార్చిలైటైనా ఉండాలి, తుపాకీ అయినా ఉండాలి. రెండూ ఒకేసారి కుదరదు. శత్రువును చూస్తే కాల్చలేవు, కాల్చబోతే చూడలేవు. ఆటగాళ్లు కోప్పడ్డారు. అంత దూరం మనుషుల్ని పంపిన కాలంలో టార్చిని తుపాకీకి కట్టుకోవడం తెలియదా అని వెక్కిరించారు. ఒక అభిమాని వెంటనే టార్చిని తుపాకీకి బిగించే సవరణ తయారుచేసి, దానికి డక్ట్ టేప్ అని పేరు పెట్టి పంచిపెట్టాడు. 2012లో వచ్చిన కొత్త కూర్పులో సంస్థే లొంగిపోయి టార్చిని కవచానికి తగిలించింది. సౌకర్యం పెరిగింది, సందేహం లేదు. ఎంచుకోవలసిన అవస్థ పోయేసరికి ఆ నడవలు ఒట్టి నల్లటి నడవలుగా మిగిలాయి. చీకటే భయానికి మూలమైతే, రెండు కూర్పుల్లోనూ చీకటి ఉన్నప్పుడు ఈ తేడా రాకూడదు.

దీనికి బలమైన ఎదురువాదన ఒకటుంది. పూర్వం కరెంటు లేదు కాబట్టి దివిటీ వాడారు, లేమిని కళ అని పొగడడమెందుకు? వీడియో గేముల చరిత్ర కూడా ఈ వాదనకు సాయం వస్తుంది. 1999 నాటి సైలెంట్ హిల్‌లో ఊరంతా కమ్మిన మంచు పేరుపొందింది. దూరాన ఉన్నదాన్ని గీసే శక్తి ఆ ప్లేస్టేషన్ యంత్రానికి చాలక మంచుతో కప్పారు. ఒప్పుకుంటాను, రెండు చోట్లా మొదట ఉన్నది గత్యంతరం లేకపోవడమే. కానీ లేమి ఒక్కటే కారణమైతే, మరింత వెలుగు ఇవ్వగలిగిన చోటల్లా ఇచ్చేసి ఉండాలి. గుగ్గిలం పొడి చేతిలో ఉన్నవాడు రాత్రంతా చల్లవచ్చు, చల్లలేదు. ప్రవేశం కోసం దాచాడు. గుళ్ల సంగతి చూడండి. శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లి గుడిని 7వ శతాబ్దంలో కళింగ గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. అక్కడి దేవుడు సాక్షాత్తూ సూర్యుడు, అయినా ఆయన ఉండేది చీకటి గర్భగుడిలో. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్దిరోజులు మాత్రం ఉదయపు కిరణాలు ద్వారాలు దాటి లోపలికి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. సూర్యుడి గుడికి వెలుతురు కరువా? నాలుగు కిటికీలు పెడితే సరిపోయేది. పెట్టలేదు, ఎందుకంటే ఏడాది పొడుగునా ఉండే వెలుగును చూడడానికి తెల్లవారుజామునే లేచి వరసలో నిలబడేవాళ్లుండరు. ఏ గుళ్లోనైనా హారతి వేళ జరిగేదీ ఇదే. కర్పూరం వెలుగు పాదాల నుంచి ముఖం దాకా పైకి వెళ్తుంది, ఏది చూడాలో, ఎంతసేపు చూడాలో ఆ పళ్లెం పట్టిన చెయ్యి నిర్ణయిస్తుంది. అక్కడ పుట్టేది భక్తి, గేములో పుట్టేది భయం. వెలుగును వాడిన తీరు మాత్రం ఒక్కటే. భయభక్తులని రెంటినీ ఒకే మాటలో కలిపి పలికే భాష మనది.

పెట్రోమాక్స్ వచ్చి ఈ లెక్కను మార్చింది. బెర్లిన్‌లో మాక్స్ గ్రెట్జ్ 20వ శతాబ్దం మొదట్లో తయారుచేసిన ఈ కిరసనాయిలు దీపంలో వెలుగునిచ్చేది మంట కాదు, వేడెక్కిన మేంటిల్.      పెట్రోమాక్స్ వెలుగు తెల్లన, నిలకడైనది, గుంజకు వేలాడేది. అది వేషధారితో నడవదు. దాని కింద ఆటస్థలమంతా ఒక్కసారే కనిపిస్తుంది, దివిటీ పట్టినవాళ్లకు పనిలేకుండా పోతుంది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలయ్యాక ఈ జిల్లాల ఊళ్లకు క్రమంగా కరెంటు చేరి, ట్యూబులైటు వచ్చింది. అప్పటికి పట్నంలో కప్పు కింద ఆడే నాటకానికి వేరే దారి ఏర్పడే ఉంది. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ కన్యాశుల్కం ఆడింది. నేడు మనం చదివే 1909 నాటి కూర్పులో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బిగించానంటాడు, మనం నవ్వుతాం. అన్నీ కనిపించే వెలుగులో దయ్యం బతుకు అంతే.

పోనీ, దివిటీ రోజులే బాగున్నాయని నేనంటున్నానా? ఆ మాట అనడానికి నోరు రాకూడదు. రాత్రంతా చెయ్యెత్తి నిలబడి, పొగ మింగుతూ, మరిగే ఆముదం చుక్కలు ముంజేతి మీద పడుతుంటే ఓర్చుకున్న మనిషి అక్కడున్నాడు. ఆ పని అతను ఎంచుకున్నది కాదు, కులం నెత్తిన పెట్టింది. ఆట చూసినవాళ్లు వేషాన్ని పొగిడారు, పద్యాన్ని పొగిడారు. భయాన్ని నిజంగా నడిపిన దివిటీ చేతిని ఎవరూ చూడలేదు. పెట్రోమాక్స్ అతన్ని విడిపించింది, అందుకు దానికి దండం పెట్టాలి. వింత ఏమిటంటే, వీడియో గేము మళ్లీ ఆ స్థానాన్నే సృష్టించి, డబ్బు తీసుకుని మరీ ఆటగాణ్ణి అక్కడ నిలబెడుతోంది. 2010లో ఉక్రెయిన్‌లోని 4ఏ గేమ్స్ సంస్థ తీసిన మెట్రో 2033లో టార్చి మసకబారితే చేతి పంపుతో ఛార్జి చేసుకోవాలి, కాల్పుల మధ్యలోనైనా సరే. 2008 నాటి లెఫ్ట్ 4 డెడ్‌లో విచ్ అనే దయ్యపు ఆడది మూల కూర్చుని ఏడుస్తూ ఉంటుంది. టార్చి వెలుగు మీద పడిందా, రెచ్చిపోతుంది. కాబట్టి ఆమె ఏడుపు వినబడగానే ఆటగాళ్లు తమ దీపాలు తామే ఆర్పేసి చీకట్లో నడుస్తారు. చీకటి ఇక్కడ ఆపద కాదు, ఆశ్రయం. చీకటే భయమని వాదించేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణకు సమాధానం చెబితే చాలు.

ఇంకొక్క ఆక్షేపణ మిగిలింది. గేములో రాక్షసుడు ఎప్పుడు దూకుతాడో తెలియదు, భాగోతం చూసే ఊరికి మాత్రం కథంతా కంఠతా వచ్చు. రాబోయేది తెలిసినప్పుడు దీపం ఎంత ఆడితే ఏం? ఈ ప్రశ్నకు జవాబు జలంతరలో దొరుకుతుంది. ఒకప్పటి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా సంస్థానమది, నేడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. 19వ శతాబ్దం రెండో సగంలో అక్కడి రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేర వెలసిన ప్రహ్లాద నాటకం ఒడియాలో సాగుతుంది, మధ్యమధ్య సంస్కృతమూ తెలుగూ కలుస్తాయి. సరిహద్దుకు ఆవల, ఒడిశాలోని గంజాంలో దాన్ని ఇంకా ఆడుతున్నారు. మెట్లుమెట్లుగా కట్టిన ఎత్తయిన వేదిక మీద హిరణ్యకశిపుడు రాత్రంతా గర్జిస్తాడు. పగలు గానీ రాత్రి గానీ చావు రాకూడదని వరం కోరినవాడతను. అంటే అతని చావుకు సందు మిగిలింది వెలుగుకూ చీకటికీ మధ్యనున్న ఆ కాస్తలోనే. చివర స్తంభంలోంచి నరసింహుడు వస్తాడని చంకలో పిల్లకు కూడా తెలుసు. నరసింహుడి ముసుగుకు ముందుగా పూజ చేస్తారు. దాన్ని తొడిగిన నటుడికి పూనకం వస్తుంది. హిరణ్యకశిపుడి వేషం కట్టినవాడికి నిజంగానే గాయమవుతుందేమోనని, నలుగురు మనుషులు వెనక నుంచి ఆ నరసింహుణ్ణి పట్టుకుని ఆపుతారు.