సోలార్ ప్యానెల్: ధర, మన్నిక, కొత్త రకాల చరిత్ర

సూర్యకాంతిని నేరుగా విద్యుత్తుగా మార్చే ఘటాలను వరుసగా కలిపి, గాజు కింద బిగించి తయారుచేసే పలకను సోలార్ ప్యానెల్ (సౌర ఫలకం) అంటారు. నేడు ప్రపంచంలో అమ్ముడవుతున్న ప్యానెళ్లలో అత్యధిక భాగం స్ఫటిక సిలికాన్‌తో చేసినవే. గత అర్ధ శతాబ్దంలో పలచని పొర ప్యానెళ్లు, రంగు ఘటాలు, సేంద్రియ ఘటాలు, పెరోవ్‌స్కైట్ ఘటాలు వంటి కొత్త రకాలు పుట్టుకొచ్చాయి. ప్రయోగశాలలో వీటిలో కొన్ని సిలికాన్‌ను అందుకున్నా, మార్కెట్లో పెద్ద ఎత్తున నిలదొక్కుకున్నది పలచని పొర రకమైన కాడ్మియం టెల్యురైడ్ ఒక్కటే. పడిన వెలుతురులో ఎంత శాతం విద్యుత్తుగా మారుతుందో తెలిపే దక్షత, వాట్‌కు అయ్యే ధర, ఎండావానలకు ఆగే ఏళ్లు కలిసి ఒక ప్యానెల్ వాడకానికి పనికొస్తుందో లేదో తేలుస్తాయి. దక్షతలో రికార్డులు బద్దలుకొట్టిన ఘటాలు మిగతా రెండింటి దగ్గర ఆగిపోవడం ఈ చరిత్రలో తరచు కనిపిస్తుంది.

ఆరంభం

1839లో పారిస్‌లో పందొమ్మిదేళ్ల ఎడ్మండ్ బెకెరెల్, ద్రావణంలో ముంచిన లోహపు పలకలపై వెలుగు పడితే విద్యుత్తు పుడుతుందని గమనించాడు. 1876లో ఆడమ్స్, డే అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు సెలీనియంలోనూ ఆ గుణాన్ని కనుగొన్నారు. 1883లో న్యూయార్క్‌లో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియంపై పలచగా బంగారు పూత పూసి తొలి ఘన ఘటాన్ని తయారుచేశాడు. దాని దక్షత ఒక శాతం దగ్గర ఉండేది. ఆ తర్వాతి డెబ్బై ఏళ్లలో ఈ ఘటాలు వెలుతురు కొలిచే సాధనాలకు పనికొచ్చాయి తప్ప విద్యుదుత్పత్తికి అక్కరకు రాలేదు.

బెల్ ప్రయోగశాల ఘటం

1952 నాటికి అమెరికాలోని బెల్ టెలిఫోన్ వ్యవస్థకు ఒక చిక్కు ఉండేది. ఊళ్లకు దూరంగా అమర్చిన టెలిఫోన్ పరికరాలు డ్రై సెల్ బ్యాటరీలతో నడిచేవి. ఉక్కపోత, తేమ ఎక్కువగా ఉన్న చోట్ల ఆ బ్యాటరీలు త్వరగా పాడైపోయేవి. మరో దారి వెతికే పనిని డారిల్ చేపిన్ అనే ఇంజనీరుకు అప్పగించారు. అతను ముందు సెలీనియం ఘటాలతో ప్రయత్నించాడు గానీ అర శాతం దక్షత కూడా రాలేదు.

అదే ప్రయోగశాలలో భౌతిక శాస్త్రజ్ఞుడు జెరాల్డ్ పియర్సన్, రసాయన శాస్త్రజ్ఞుడు కాల్విన్ ఫుల్లర్ సిలికాన్‌లో ఇతర మూలకాలను లేశమాత్రంగా చొప్పించే పద్ధతులపై పనిచేస్తున్నారు. వారు తయారుచేసిన సిలికాన్ ముక్క ఎండలో సెలీనియం కంటే ఎన్నో రెట్లు మెరుగ్గా పనిచేసింది. సెలీనియంను వదిలేయమని పియర్సన్ చేపిన్‌కు సలహా ఇచ్చాడు. నిజానికి అదే సంస్థకు చెందిన రస్సెల్ ఓల్ 1940లోనే ఒక సిలికాన్ కడ్డీపై వెలుగు పడితే విద్యుత్తు పుడుతుందని చూశాడు. విద్యుత్తును పుట్టించే పి–ఎన్ సంధి అనే సరిహద్దు ఉనికి అప్పుడే బయటపడింది. అయితే దాన్ని కరెంటు కోసం వాడే ఆలోచన పన్నెండేళ్ల తర్వాత గానీ కలగలేదు.

మొదట లిథియం చొప్పించారు. అది గది వేడికే లోపలికి జరిగిపోతూ, సంధిని వెలుతురు అందని లోతుకు నెట్టేసేది. ఫుల్లర్ లిథియంను వదిలి ఆర్సెనిక్‌ను, దానిపై అతి పలచని పొరగా బోరాన్‌ను వాడాక ఘటం నిలకడగా పనిచేసింది. దక్షత 6 శాతానికి చేరింది. 1954 ఏప్రిల్ 25న సంస్థ దాన్ని ప్రదర్శనకు పెట్టి, దానితో ఒక బొమ్మ జెయింట్ వీల్‌ను తిప్పి, రేడియో ప్రసారం కూడా చేసి చూపింది. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఆ వార్త వచ్చింది.

ధర సంగతి చేపిన్ స్వయంగా తేల్చాడు. 1956లో ఒక వాట్ ఘటానికి 286 డాలర్లయ్యేది. ఆ లెక్కన ఒక సగటు అమెరికా ఇంటికి సరిపడా ఘటాలు పెట్టాలంటే 14 లక్షల 30 వేల డాలర్లు కావాలి. తాను కనిపెట్టిన వస్తువు ఇళ్లకు పనికిరాదని అంకెలు వేసి మరీ చెప్పిన నిజాయితీ మెచ్చదగినది. జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ పట్టణం దగ్గర 1955లో ఒక పల్లె టెలిఫోన్ లైనును ఈ ఘటాలతో నడిపి చూశారు. అవి బాగానే పనిచేసినా ఖర్చు గిట్టక ఆపేశారు.

ఖర్చును పట్టించుకోని వాడకందారు అంతరిక్షంలో దొరికాడు. 1958 మార్చి 17న ప్రయోగించిన వాన్‌గార్డ్–1 ఉపగ్రహం బరువు కిలోన్నర లోపే. దానిలో బ్యాటరీతో నడిచిన ట్రాన్స్‌మిటర్ అదే ఏడాది జూన్‌లో మూగబోగా, ఆరు సౌర ఘటాలతో నడిచినది 1964 దాకా సంకేతాలు పంపింది. ఆ తర్వాత ఉపగ్రహాలకు సౌర ఘటాలే ఆనవాయితీ అయ్యాయి. భారతదేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట్ట (1975) కూడా వాటిని మోసుకెళ్లింది.

నేల మీదికి

నేల మీద ధర దిగడానికి ఎలియట్ బెర్మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కారణం. 1970ల ఆరంభంలో చమురు కంపెనీ ఎక్సాన్ పెట్టుబడితో సోలార్ పవర్ కార్పొరేషన్‌ను నడిపిన బెర్మన్, ఉపగ్రహాల కోసం పాటించే నాణ్యత నేల మీద అక్కర్లేదని గుర్తించాడు. ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ తిరస్కరించిన సిలికాన్ బిళ్లలను చవకగా కొన్నాడు, మెరుగు పెట్టే పనులను తగ్గించాడు. వాట్ ధర 100 డాలర్ల నుంచి 20 డాలర్లకు దిగింది. ఇళ్లకు అది అప్పటికీ ఎక్కువే. కరెంటు తీగ వెళ్లలేని చోట మాత్రం అదే చవక. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని చమురు వేదికల హెచ్చరిక దీపాలు తొలి పెద్ద మార్కెట్ అయ్యాయి. తర్వాత అమెరికా తీర రక్షక దళపు తేలే దీపాలు, మాలీ దేశపు కరువు ప్రాంతాల్లో నీటి పంపులు ఆ వరుసలో చేరాయి.

1980, 90 దశకాల్లో జపాన్ కాలిక్యులేటర్లలోకి నిరాకార సిలికాన్ పొర వచ్చింది, ఆస్ట్రేలియాలో మార్టిన్ గ్రీన్ బృందం సిలికాన్ ఘటపు దక్షతను 20 శాతం దాటించింది, ధర నెమ్మదిగా తగ్గుతూ పోయింది.

సిలికాన్ కరువు, పలచని పొరల పందెం

2000లో జర్మనీ తెచ్చిన పునరుత్పాదక ఇంధన చట్టం, ఇళ్ల కప్పుల మీద తయారైన సౌర విద్యుత్తును యూనిట్‌కు 99 ఫెనిగ్‌ల (దాదాపు ఒక జర్మన్ మార్క్) చొప్పున ఇరవై ఏళ్లు కొంటామని హామీ ఇచ్చింది. మామూలు కరెంటు ధరకు ఇది ఎన్నో రెట్లు. గిరాకీ పెరిగి, శుద్ధి చేసిన పాలీసిలికాన్‌కు కరువొచ్చింది. 2008లో దాని కిలో ధర 400 డాలర్లు దాటింది.

సిలికాన్ అక్కర్లేని ప్యానెళ్ల మీదికి పెట్టుబడులు పోటెత్తింది అప్పుడే. మామూలు సిలికాన్ బిళ్ల మందంలో సుమారు నూరో వంతు ఉండే కాడ్మియం టెల్యురైడ్ పొరను, లేదా రాగి–ఇండియం–గాలియం–సెలీనియం మిశ్రమాన్ని గాజుపై పూస్తే సరిపోతుంది. దక్షత తక్కువైనా సరుకు ఖర్చు మరీ తక్కువ. ఫస్ట్ సోలార్ కంపెనీ 2009లో వాట్ తయారీ ఖర్చును డాలర్ కిందికి దించి ఆ పందెం గెలిచింది. గొట్టాల ఆకారంలో రెండో రకం ప్యానెళ్లు చేసిన సోలిండ్రా, అమెరికా ప్రభుత్వం నుంచి 53.5 కోట్ల డాలర్ల రుణ హామీ పొంది కూడా 2011లో దివాలా తీసింది.

ఆ గొట్టాల ఎత్తుగడ సిలికాన్ ఖరీదుగానే ఉంటుందన్న నమ్మకం మీద నిలిచింది. ఈలోగా కొత్త శుద్ధి కర్మాగారాలు తెరుచుకుని పాలీసిలికాన్ ధర కుప్పకూలింది. గ్రీన్ దగ్గర చదువుకున్న షి జెంగ్‌రోంగ్ 2001లో చైనాలో సన్‌టెక్ సంస్థను స్థాపించాడు. అతని వెనక పదుల కొద్దీ చైనా కంపెనీలు వచ్చాయి. ధరల పోరు చివరికి సన్‌టెక్‌నూ వదల్లేదు. దాని ప్రధాన కర్మాగార సంస్థ 2013లో దివాలా తీసింది. ప్యానెళ్ల తయారీలోని ప్రతి దశలోనూ నేడు చైనా వాటా 80 శాతం పైబడింది.

అప్పటిదాకా అమ్ముడైన మొత్తం ప్యానెళ్లు రెట్టింపైన ప్రతిసారీ ధర సుమారు 20 శాతం తగ్గుతుందనే పరిశీలనను, సన్‌పవర్ సంస్థాపకుడు రిచర్డ్ స్వాన్సన్ పేరుతో పిలుస్తారు. 2010లో వాట్‌కు దాదాపు రెండు డాలర్లున్న ప్యానెల్, 2024లో చైనా కర్మాగారం దగ్గర పది సెంట్ల స్థాయికి వచ్చింది. కొత్త సాంకేతికతలన్నీ ఇలా ఏటేటా దిగిపోయే ధరను తరుముకుంటూ వెళ్లాల్సి వచ్చింది.

సిలికాన్‌లోనే కొత్తదనం

నిజంగా ఊరూరా చేరిన కొత్త సాంకేతికతలు సిలికాన్ ఇంటివే. వెనక వైపు పొరను మెరుగుపరిచిన పెర్క్ ఘటం 1980లలో గ్రీన్ బృందం చేతిలో పుట్టి, కర్మాగారాలను ఏలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2013లో చూపిన టాప్‌కాన్ ఘటం మాత్రం పదేళ్లకే పెర్క్‌ను వెనక్కి నెట్టింది. పాత యంత్రాల వరుసకు కొద్ది మార్పులు చేస్తే చాలు, టాప్‌కాన్ తయారవుతుంది. దాని జోరుకు ముఖ్య కారణం అదే. జపాన్‌కు చెందిన సాన్యో 1990లలో తెచ్చిన హెటెరోజంక్షన్ ఘటం వేడిని ఇంకా బాగా తట్టుకుంటుంది. దానికి వేరే యంత్రాలు కావాలి కనుక వెనకబడింది. ఉపగ్రహాల్లో వాడే గాలియం ఆర్సెనైడ్ బహుపొరల ఘటాలు వీటన్నిటి కంటే సమర్థమైనవే అయినా, ధర వల్ల నేలకు దిగలేదు.

పెరోవ్‌స్కైట్

పెరోవ్‌స్కైట్ ఖనిజాన్ని రష్యాలోని ఉరల్ పర్వతాల రాళ్లలో గుర్తించింది 1839లో, బెకెరెల్ ప్రయోగం చేసిన ఏడాదే. ఆ స్ఫటిక నిర్మాణమున్న కృత్రిమ పదార్థాన్ని 2009లో జపాన్‌లోని యొకొహామాలో త్సుతోము మియసాకా బృందం సౌర ఘటంగా వాడి 3.8 శాతం దక్షత సాధించింది. ద్రవంతో పనిచేసిన ఆ ఘటం నిమిషాల్లోనే చెడిపోయేది. 2012లో ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ స్నెయిత్, కొరియాలో నామ్–గ్యూ పార్క్ బృందాలు ద్రవం లేని ఘటంతో పది శాతం దగ్గరికి వచ్చాయి. తర్వాతి పదేళ్లకు పైబడిన కాలంలో రికార్డు 26 శాతం దాటింది. సిలికాన్ దాదాపు అంతే దూరం రావడానికి అరవై ఏళ్లు పట్టింది.

దీని ఆకర్షణ తయారీలో ఉంది. సిలికాన్‌ను 1,414 డిగ్రీల వద్ద కరిగించాలి. పెరోవ్‌స్కైట్‌ను ద్రావణంగా పూసి 150 డిగ్రీల లోపు ఆరబెడితే చాలు. పొర మందం ఒక మైక్రాన్ కంటే తక్కువ. సిలికాన్ బిళ్ల అయితే 100 మైక్రాన్లకు పైగా ఉంటుంది. సిలికాన్ ఒంటరిగా సుమారు 29.4 శాతం దాటలేదని భౌతిక సూత్రాలు చెబుతాయి. దానిపై పెరోవ్‌స్కైట్ పొర వేస్తే నీలి కాంతిని పై పొర, ఎరుపు కాంతిని కింది పొర పంచుకుంటాయి. ఇలాంటి జంట ఘటంతో చైనా కంపెనీ లాంగీ 2024లో 34.6 శాతం సాధించింది. ఆక్స్‌ఫర్డ్ పీవీ సంస్థ అదే ఏడాది సెప్టెంబరులో 24.5 శాతం దక్షత గల జంట ప్యానెళ్లను తొలిసారి అమెరికాలో ఒక కొనుగోలుదారుకు పంపింది. చిన్న ఘటానికీ పూర్తి ప్యానెల్‌కూ మధ్య పది శాతం అంతరం చూస్తే దారి ఎంత మిగిలిందో తెలుస్తుంది.

మన్నికే అసలు అడ్డంకి. సిలికాన్ ప్యానెల్‌కు 25 ఏళ్ల హామీ మామూలు. పెరోవ్‌స్కైట్ తేమకూ వేడికీ విడిపోతుంది, పైగా మంచి రకాల్లో సీసం ఉంటుంది. ప్యానెల్ ధర బాగా పడిపోయాక మొత్తం ఖర్చులో స్టాండు, వైర్లు, ఇన్వర్టర్, కూలి, స్థలం వాటా పెరిగింది. అదే స్థలంలో ఎక్కువ వాట్లు రాబట్టే జంట ప్యానెల్‌కు ఇది అనుకూలం. పదేళ్లకే మార్చాల్సి వస్తే ఆ లాభమంతా కూలికే పోతుంది.

భారతదేశంలో

సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1977లో దేశపు తొలి సౌర ఘటాన్ని, మరుసటి ఏడు తొలి ప్యానెల్‌ను తయారుచేసింది. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి లెక్కగట్టిన రేటు యూనిట్‌కు రూ.17.91. వేలం మొదలుపెట్టగానే అది రూ.10.95కు దిగింది. 2015 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో 500 మెగావాట్లకు అమెరికా కంపెనీ సన్ఎడిసన్ రూ.4.63కు పాడింది. అది 2016లో దివాలా తీయగా, దాని భారత ప్రాజెక్టులను హైదరాబాద్‌కు చెందిన గ్రీన్‌కో కొన్నది. 2017 ఏప్రిల్‌లో కడప పార్కుకు రూ.3.15, మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లాకు రూ.2.44, 2020 డిసెంబరులో గుజరాత్‌లో రూ.1.99 పలికింది.

అప్పటి కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామాల దగ్గర సుమారు 5,900 ఎకరాల్లో పరుచుకున్న 1,000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయినప్పుడు, ఒకే చోట ఉన్నవాటిలో ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరు పొందింది. ధరలు ఇంత వేగంగా పడిపోవడంతో పాత విద్యుత్ కొనుగోలు ఒప్పందాలు భారమనిపించాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని తిరగదోడబోయింది. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న రేటే చెల్లించాలని తీర్పు చెప్పింది.

ప్యానెల్‌పై రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద కొలిచినవి. ఆపై ప్రతి డిగ్రీకి సిలికాన్ ఉత్పత్తి 0.3 నుంచి 0.45 శాతం తగ్గుతుంది. మే నెల ఎండలో పలక 65 డిగ్రీలకు చేరితే పన్నెండు శాతానికి తక్కువ కాని నష్టం ఉంటుంది. నీటిపై తేలే ప్యానెళ్లకు ఆ బాధ కొంత తక్కువ. స్థలం కొననక్కర్లేదు, నీటి ఆవిరీ తగ్గుతుంది. విశాఖ దగ్గరి సింహాద్రిలో 25 మెగావాట్ల కేంద్రం 2021లో, రామగుండం జలాశయంపై 100 మెగావాట్ల కేంద్రం 2022 జులైలో పనిలోకి వచ్చాయి. రెండోదానికి రూ.423 కోట్లయింది.

ఇళ్ల విషయానికొస్తే, 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం మేడపై 3 కిలోవాట్లకు రూ.1,45,000 ప్రామాణిక ఖర్చుగా తీసుకుని రూ.78,000 సబ్సిడీ ఇస్తోంది. 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి ప్యానెళ్లపై 40 శాతం, ఘటాలపై 25 శాతం కస్టమ్స్ సుంకం విధించారు. సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన ఘటాలతో చేసిన ప్యానెళ్లే పెట్టాలి. ఇవి చైనా సరుకు కంటే ఖరీదు. పలచని పొర రకం కూడా దేశంలోనే తయారవుతోంది: 2024 జనవరిలో ఫస్ట్ సోలార్ చెన్నై దగ్గర ఏటా 3.3 గిగావాట్ల కర్మాగారాన్ని ప్రారంభించింది. పెరోవ్‌స్కైట్ ఇంకా ఐఐటీ బొంబాయి వంటి పరిశోధనాలయాల్లోనే ఉంది. పాతబడిన ప్యానెళ్లను 2022 నాటి ఈ–వ్యర్థాల నియమాల పరిధిలోకి తెచ్చారు. వాటి ప్రకారం తయారీదారులు 2034–35 దాకా ఆ వ్యర్థాలను నిల్వ చేసి ఉంచాలి.